రంగు చుక్క లేని బోల్టు

నల్లప్ప కారు పెనుకొండలో కుళ్లాయప్ప షెడ్డుకు వచ్చిన రోజున, ఎవరూ స్పానరు చేతికి తీసుకోకముందే ఒక రంగు డబ్బా బయటికి వచ్చింది. గొర్రెలకు వేసే నీలం రంగు. మందలు కలిసిపోయినప్పుడు ఎవరి గొర్రె ఏదో తెలియాలని వీపు మీద పూస్తారే, అదే. నల్లప్ప చంకలో కర్ర పెట్టుకుని, కుడి కాలు మట్టిలో గీత గీస్తుండగా కారు చుట్టూ తిరిగాడు. బానెట్ ఎత్తించి కార్బురేటర్ మీద ఒక చుక్క పెట్టాడు. డైనమో మీద ఒకటి. హెడ్‌లైట్ల చుట్టూ మెరిసే రేకుల మీద, తలుపుల పిడుల మీద, హారన్ మీద, చివరికి పొగగొట్టం మీద కూడా పెట్టాడు. పెట్టినప్పుడల్లా పైకే లెక్క చెప్పుకున్నాడు. నలభై ఒక్క చుక్కలు.

“ఏమన్నా, కారనుకుంటివా, గొర్రెపోతనుకుంటివా?” అన్నాడు కుళ్లాయప్ప.

“గొర్రె తప్పిపోతే అరిచి చెప్తాది. కారు సామాను అరవదు కదప్పా.”

పక్క టీ బంకు దగ్గర నిలబడినవాళ్లు నవ్వారు. నల్లప్ప నవ్వలేదు. షెడ్డు వెనక గోడకు ఆనుకుని చూస్తున్న మంజు కూడా నవ్వలేదు. ఆయన ఏయే భాగాల మీద చుక్క పెట్టాడో, ఏయే వాటిని వదిలేశాడో ఆమె చూస్తూ ఉంది.

మంజు కుళ్లాయప్ప కూతురు. ఇరవై రెండేళ్లు. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లికి ఆపరేషన్ అయితే రెండు నెలలు బడి మాన్పించారు. ఆ రెండు నెలలు ఐదయ్యాయి. ఆ తర్వాత ఆమెను బడికి పొమ్మని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. తండ్రికి అన్నం క్యారియర్ తెచ్చే పిల్ల కొన్నాళ్లకు స్పానర్లు అందించింది, ఇంకొన్నాళ్లకు బోల్టులు బిగించింది. ఇప్పుడు వెల్డింగ్ కూడా చేస్తుంది. కొత్తవాళ్లు పలకరిస్తే చేతిలోని నూనె గుడ్డ వైపు చూసి జవాబు చెబుతుంది. తప్పించుకునే వీలుంటే అదీ చెప్పదు. కానీ షెడ్డుకు వచ్చే మనిషి ఏ చెప్పు ఎక్కువ అరగదీస్తాడో, క్లచ్ మీద కాలు ఊరికే ఆనించి నడిపే అలవాటు ఎవరికుందో ఆమెకు తెలుసు.

నల్లప్పది పెనుకొండకు ఆరు మైళ్ల దూరంలోని మెట్ట ఊరు. కారు డెబ్బై మూడు మోడల్ అంబాసిడర్, తెల్లది, గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉండే రకం. ముప్పై ఏడేళ్ల కింద ఒక మంద గొర్రెలను అమ్మి పాతదాన్నే కొన్నాడు. చుట్టుపక్కల పది ఊళ్లలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా, పెళ్లి చీరలకు ధర్మవరం పోవడం ఆ కారులోనే. ఆడవాళ్లు అంగట్లో చీరలు తిరగేస్తుంటే ఆయన బయట కారు నీడలో కూర్చునేవాడు. చీరల మూట వెనక సీటు మధ్యలో పెట్టేదాకా స్టార్ట్ చేసేవాడు కాదు.

రెండేళ్ల కింద, పశువుల మేతకు వేసిన వేరుశెనగ కట్టె వామి మీద నుంచి జారి పడ్డాడు. తుంటి విరిగింది. ఎముక అతికింది కానీ కుడి కాలికి పోవాల్సిన నరమేదో పని చేయలేదు. ఎడమ కాలు బాగుంది. కుడి కాలు మాత్రం అక్కడ ఉంటుంది, అంతే. ఇక కారెందుకని అన్న కొడుకు యువరాజ్ అడిగాడు. బెంగుళూరులో పాత కార్లు కొని దాచుకునే మనిషి ఒకరు ఉన్నారని కూడా చెప్పాడు. నల్లప్ప మూడు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి ఆయన భార్య వెంకటక్క మధ్యలో కూర్చుని ఒక మాట కుదిర్చింది: చేత్తో నడిపేటట్టు కారును మార్పించాలి. హిందూపురంలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి సరేనంటే కారు ఇంట్లో ఉంటుంది. కాదంటే బెంగుళూరు పోతుంది. దానికి నల్లప్ప తల ఊపాడు. ఊపినప్పటి నుంచి ఆయనకు ఎవరి మీదా నమ్మకం లేదు.

రోజూ పొద్దున షేర్ ఆటోలో వచ్చి షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. సాయంత్రం పోయే ముందు చుక్కలు లెక్కపెట్టేవాడు. యువరాజ్ ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అతనే బెంగుళూరు నుంచి చేతి లివర్ సామాను తెప్పించాడు. ఆ పెట్టె విప్పిన రోజున దానికి కూడా ఆరు చుక్కలు పడ్డాయి. లెక్క నలభై ఏడయింది.

“మీ బిడ్డ నోరు తెరవదు, కండ్లు మూయదు” అన్నాడు ఒకరోజు కుళ్లాయప్పతో, మంజు వినేటట్టే. “ఇట్లాంటోళ్లనే చూసుకోవాల.”

“మాట్లాడితే పని జరగదని మాట్లాడదులేన్నా.”

“మాట్లాడకుండా ఏం పని జరుగుతాండాదో అని నా భయం.”

మంజు కారు కింద పడుకుని ఈ మాటలు విన్నది. ఆమెకు కోపం రాలేదు. ఎందుకంటే ఆమె కూడా అనుమానంతోనే ఉంది. అంతకు రెండు రోజుల ముందు, నల్లప్ప అన్నం తింటున్నప్పుడు, యువరాజ్ షెడ్డు వెనక కుళ్లాయప్పతో చాలాసేపు గుసగుసగా మాట్లాడాడు. పోతూ పోతూ ఫోన్‌తో కారుకు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీశాడు. ఏం మాట్లాడాడని తండ్రిని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ రోజు నుంచి తండ్రి ఏ బోల్టు బిగించినా, ఆయన పక్కకు పోయాక మళ్లీ స్పానరు పెట్టి చూసుకునేది. సొంత తండ్రి పనిని అట్లా తడిమి చూడటం ఆమెకు సిగ్గుగా ఉండేది. అయినా మానలేదు.

లివర్‌ను స్టీరింగ్‌కు కుడి పక్కన, కొంచెం కిందికి బిగించారు. సామానుతో వచ్చిన కాగితంలో బొమ్మ ఉంది, బాణం గుర్తులు ఉన్నాయి. లివర్‌ను ముందుకు తోస్తే ఒక కడ్డీ పోయి బ్రేక్ పెడల్‌ను నొక్కుతుంది. తన వైపు లాగితే యాక్సిలరేటర్. క్లచ్‌కు ఎడమ కాలు ఉండనే ఉంది. ఎడమ చేతికి పట్టు దొరకాలని స్టీరింగ్ మీద ఒక గుండు పిడి వేశారు. పెడల్స్ తీయలేదు కాబట్టి మామూలు మనిషి కాళ్లతోనూ నడపవచ్చు.

మొదటిసారి నడిపి చూడటానికి మార్కెట్ యార్డు వెనక ఖాళీ స్థలానికి పోయారు. మంజు పక్క సీట్లో కూర్చుంది. లివర్ కదలిక చూడటానికి ఎవరో ఒకరు ఉండాలి. నల్లప్ప రెండేళ్ల తర్వాత స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఒక చుట్టు తిప్పాడు. రెండో చుట్టులో కాగితంలో ఉన్నట్టే లివర్ తోసి చక్కగా ఆపాడు కూడా. మూడో చుట్టులో, అక్కడ పేర్చిన వేరుశెనగ పొట్టు మూటల చాటు నుంచి ఒక మేకపిల్ల దూకి కారు ముందుకు వచ్చింది.

కారు ఆగలేదు. ఒక్కసారిగా గర్జించి ముందుకు ఉరికింది. మేకపిల్ల తప్పించుకుంది. కారు పోయి ఆ మూటల్లో ముక్కు దూర్చి ఆగిపోయింది. మూటలు మెత్తనివి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. బంపర్ వంగింది. నీలం చుక్క ఉన్న హెడ్‌లైట్ రేకు ఊడి కింద పడింది.

నల్లప్ప లివర్ వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“ఎంత ఇస్తానని చెప్పినాడు మీకి యువరాజు?”

పరుగెత్తుకొచ్చిన కుళ్లాయప్ప కిటికీ దగ్గర వంగాడు. “ఏమంటాండావన్నా?”

“నేను నూకినా. నూకితే బ్రేకు పడాల. పడలేదు. కారు చెడిపోతే, బ్రేకోడు వద్దంటే, ఎవురికి లాభమో నాకి తెలీదా? అందరూ కలిసినారు మీరు.”

“అన్నా, దేవుని మీద ఆన…”

“దేవున్ని యాల పిలుస్తావు. నా చెయ్యి నాకి తెలీదా? నూకినా.”

మంజు పక్కనే కూర్చుని ఉంది. ఆమె చూసింది. ఆయన తోయలేదు. రెండు మోచేతులూ వెనక్కి పోయేటట్టు గట్టిగా తన వైపు లాగాడు. ఆ మాట అప్పుడే చెప్పాలి. తలుపు తెరిచి దిగిపోయింది. చెప్పినా, ఆయన మాట వదిలి తన మాట ఎవరు నమ్ముతారు?

షెడ్డుకు తెచ్చాక ఆమె ఒక్కతే కారు కింద దూరి ప్రతి కీలూ తడిమి చూసింది. తండ్రి ఎక్కడైనా వదులు చేశాడేమో అనే చూసింది. ఒక్క బోల్టు వదులుగా లేదు. లివర్ తోస్తే బ్రేక్ పడుతోంది, లాగితే యాక్సిలరేటర్ పడుతోంది. సామానులో లోపం లేదు. తండ్రి పనిలో లోపం లేదు. ఇక అనుమానించడానికి మిగిలింది ఒకటే, నల్లప్ప చెయ్యి.

మర్నాటి నుంచి ఆమె ఆ చేతినే చూసింది. ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటే రోడ్డు మీద లారీ హారన్ గట్టిగా మోగింది. ఒళ్లో ఉన్న తువ్వాలును ఆయన కుడి చెయ్యి పట్టుకుని గుండెల దాకా లాగింది. కుక్క ఒకటి ఇంకో కుక్క మీద పడి అరిచింది. మళ్లీ తువ్వాలు గుండెల దాకా వచ్చింది. అదేదీ ఆయనకు తెలిసినట్టు లేదు. టీ కూడా ఒలకలేదు.

ఆ మధ్యాహ్నం వెంకటక్క సంగటి, ఊరుబిండి పచ్చడి తెచ్చింది. గిన్నెలు కడగడానికి కొళాయి దగ్గరికి పోతే మంజు వెనకే పోయింది. కాసేపు నీళ్ల వైపే చూస్తూ నిలబడి, ఎలాగో అడిగింది.

“పెద్దమ్మా, పెద్దనాయన కారుకు ముందు ఏం తోలుతాండె?”

వెంకటక్క వెనక్కి తిరిగి చూసింది. ఆ పిల్ల నోటి నుంచి ఒక పూర్తి మాట వినడం ఆమెకు అదే మొదటిసారి.

“ఎద్దుల బండి, ఇంకేం తోలుతాడు? పదేండ్ల పిల్లోడప్పటి నుంచీ అదే పని. శెనక్కాయలు ఏసుకోని హిందూపురం దాకా పోతాండె. నన్ను పెండ్లి చేసుకోని తెచ్చిందీ ఆ బండిలోనే. ఇప్పుటికీ నిద్దర్లో ఎద్దులు బెదురుతాయమ్మా ఆయప్పకి. నా కొంగు చేతికి దొరికిందంటే ఇంత పొడుగు గుంజుతాడు, ఓ ఓ అంటాడు.” ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. “ఎందుకడిగితివే?”

“ఊరికే పెద్దమ్మా.”

ఊరికే కాదు. ముప్పై ఐదేళ్లు కారును ఆపింది ఆయన కాలు. చేతులకు ఆ పని ఎప్పుడూ పడలేదు. ఇప్పుడు కాలు పోయింది. భయం వేసినప్పుడు ఆపాల్సిన పని చేతికి వచ్చింది. ఆ చేతికి ఆపడమంటే తెలిసింది ఒకటే, పగ్గాలు పట్టి లాగడం. నెమ్మదిగా నడిపినంతసేపూ కాగితంలోని బాణాలు గుర్తుంటాయి. మేకపిల్ల దూకితే గుర్తుండవు. తాను తోశాననే ఆయన నిజంగా నమ్ముతున్నాడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

తండ్రికి చెబుదామనుకుంది. కానీ షెడ్డు వెనక గుసగుసలు గుర్తొచ్చి ఆగిపోయింది. బుధవారం నల్లప్ప కాలికి వ్యాయామం చేయించుకోవడానికి ఆసుపత్రికి పోయాడు. కుళ్లాయప్ప వంగిన బంపర్‌ను సాపు చేయించుకు రావడానికి టింకరింగ్ అంగడికి పోయాడు. మంజు లివర్ విప్పింది. కీలుకు పైన ఉన్న బ్రేక్ కడ్డీని కీలు కిందికి మార్చింది. పాత బోల్టు పొడవు చాలక కొత్తది వేసింది. యాక్సిలరేటర్ తీగను రెండో పక్కకు తిప్పింది. ఇప్పుడు లాగితే బ్రేక్, తోస్తే యాక్సిలరేటర్. అంతా గంట పని.

మూడు గంటలకు నల్లప్ప వచ్చాడు. కారు చుట్టూ తిరిగి లెక్కపెట్టాడు. నలభై ఏడూ ఉన్నాయి. అయినా ఆయన కదలకుండా లివర్ దగ్గరే వంగి నిలబడ్డాడు.

“కుళ్లాయప్పా.”

కుళ్లాయప్ప అప్పుడే బంపర్ దించుతున్నాడు.

“ఈ బోల్టు యాడిది?”

“ఏ బోల్టన్నా?”

“చుక్క లేని బోల్టు. మిలమిలా మెరస్తాండాది. నేను లేనప్పుడు ఎవురో చెయ్యి పెట్టినారు. ఇంగేం సాక్ష్యం కావాల?” ఆయన గొంతులో కోపం కన్నా గెలిచినవాడి ఊరట ఎక్కువగా ఉంది. ఇన్నాళ్లూ అనుమానించింది చేతికి దొరికింది. “పిలువు మీ యువరాజును. తీస్కపోనీ కారు. మిమ్మల్ని నమ్మి ఈడ కూచున్నందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాల.”

కుళ్లాయప్ప లివర్ వైపు చూసి, తర్వాత కూతురి వైపు చూశాడు. ఆయనకు అర్థమైంది. “మంజూ, ఏం చేసినావే?”

ఆమె చేతిలోని గుడ్డ వైపు చూసింది. ఇప్పుడు మాట్లాడకపోతే కారు పోతుంది. తాను దొంగవుతుంది, తండ్రి దొంగవుతాడు. గుడ్డను బల్ల మీద పెట్టింది.

“పెద్దనాయనా, కార్లో కూచో.”

“నేనేల కూచోవాల?”

“ఒక్కసారి కూచో. ఇంజన్ ఆడించద్దు. అంతే, ఇంగ నేనేమీ అడగను.”

నల్లప్ప ఆమెను అనుమానంగా చూస్తూనే కర్ర పక్కన పెట్టి సీట్లోకి జరిగాడు.

“లివర్ మీద చెయ్యి పెట్టు. కండ్లు మూసుకో.” ఆమె బానెట్ పక్కకు పోయింది. “శెనక్కాయల బండి. హిందూపురం దారి. దిగుడు. లారీ వచ్చె. ఎద్దులు బెదిరె.”

అంటూనే అరచేత్తో బానెట్ మీద ధడేలున కొట్టింది.

నల్లప్ప మోచేతులు వెనక్కి పోయాయి. లివర్ ఆయన పొట్ట దాకా వచ్చింది. కారు వెనక్కి వచ్చి నిలబడిన కుళ్లాయప్ప మొహం మీద బ్రేక్ లైట్ల ఎర్రటి వెలుగు పడింది.

నల్లప్ప కళ్లు తెరిచాడు. తన చేతిని చూసుకున్నాడు. కాసేపటికి దాన్ని లివర్ మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“మొన్న కూడా ఇట్లే లాగింటినా?”

“లాగితివి పెద్దనాయనా.”

“మరి అప్పుడే చెప్పకపోతివే?”

“నువ్వు నూకినా అంటివి కదా.”

టీ బంకు దగ్గర ఎవరో దగ్గారు. మాట్లాడింది కుళ్లాయప్పే, అదీ కూతురి మీద కోపంతో.

“తెలివి బాగానే ఉండాది. సగం తెలివి. లాగితే బ్రేకు పడ్తాది, పడితే మనిషి ముందరికి తూల్తాడు. మనిషితో పాటు చెయ్యి పోతాది. చెయ్యి ముందరికి పోతే ఏం పడ్తాది?”

యాక్సిలరేటర్ పడుతుంది. ఆ సంగతి మంజుకు తట్టనే లేదు. కాగితంలో బ్రేక్‌ను తోసేటట్టు పెట్టింది ఊరికే కాదు. మనిషి తూలినా ఆ తూలు బ్రేక్ మీదే పడాలని పెట్టారు. ఆమె వేసిన కొత్త బోల్టు మేకపిల్లను కాపాడి, దాని వెనకవాళ్లను తొక్కించేదే.

“నాయనా, మరి…”

“మరి లేదు, గిరి లేదు. నాకి చెప్పకుండా బ్రేకు ముట్టుకుంటావా? ఏమనుకోని ముట్టుకుంటివి?”

“నువ్వు యువరాజన్నతో ఏం మాట్లాడినావో నాకి తెలీదు” అన్నది ఆమె. నోరు జారిపోయింది. ఇక దాన్ని వెనక్కి తీసుకోలేదు.

కుళ్లాయప్ప బంపర్‌ను గోడకు ఆనించాడు. “పని నానబెట్టమన్నాడు. వానలు పడేదాకా తోయమన్నాడు. అంతలోపల మీ పెద్దనాయనకి విసుగొచ్చి వదిలేస్తాడని. నేను చెయ్యనన్నా. యాడన్నా గుద్దుకోని చస్తే మీ పెద్దమ్మకి ఏం చెప్పాలని వాని ఏడుపు. ఫోటోలు తీసుకోని పోయె. పోనీలే అనుకుంటి.” తర్వాత నల్లప్ప వైపు తిరిగాడు. “విన్నావు కదన్నా. నువ్వొకనివే అనుకుంటివి. నా కూతురికీ నా మీద నమ్మకం లేదు.”

నల్లప్ప అప్పుడు మొదటిసారి నవ్వాడు. పెద్ద నవ్వేమీ కాదు. “మంచి బిడ్డనే కనినావులేప్పా” అన్నాడు.

ఆ రోజు నుంచి పని ముగ్గురిదీ అయింది. లివర్‌కు బ్రేక్ ఒక్కటే ఉంచారు, లాగేటట్టే. యాక్సిలరేటర్‌ను దాని మీద నుంచి పూర్తిగా తీసేసి, ట్రాక్టర్లకు ఉండే చేతి యాక్సిలరేటర్ లాంటి చిన్న మీటను స్టీరింగ్ కింద, కుడి చేతి వేళ్లకు అందేటట్టు వేశారు. ట్రాక్టర్ మీట పెట్టినచోటే నిలబడుతుంది. దీనికి మంజు స్ప్రింగ్ కట్టింది. వేలు వదిలితే చాలు, దానంతటది వెనక్కి పోతుంది. తూలకుండా సీటుకు భుజం మీదుగా వచ్చే బెల్టు వేశారు. బెల్టు వద్దన్నాడు నల్లప్ప. “నన్ను కట్టేస్తారా?” అన్నాడు. “ఎద్దుల్ని కట్టేస్తాంటివి కదా అన్నాళ్లు” అన్నది వెంకటక్క, క్యారియర్ మూత తీస్తూ.

వారం పాటు మార్కెట్ యార్డు వెనక తిరిగారు. మంజు పక్కన కూర్చుని, చెప్పకుండా ఉన్నట్టుండి డాష్‌బోర్డు మీద కొట్టేది. ఒక్కోసారి రెండు చుట్లు ఏమీ చేయకుండా ఊరుకునేది. ఆయన ఆమెను ఓరకంట చూస్తూనే నడిపేవాడు.

హిందూపురానికి కారును యువరాజే నడిపి తెచ్చాడు, కాళ్లతో. దారి పొడుగునా నల్లప్ప అతనితో మాట్లాడలేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నడివయసు మనిషి. కారు కిందికి వంగి చూశాడు, కాగితం చూశాడు, మళ్లీ లివర్ చూశాడు.

“బొమ్మలో తోస్తే బ్రేక్ అని ఉంది. మీది లాగితే పడుతోంది. ఎవరు మార్చారు?”

కుళ్లాయప్ప నోరు తెరిచేలోపే నల్లప్ప అన్నాడు, “ఈ పాప.”

ఇన్‌స్పెక్టర్ మంజును పైనుంచి కిందిదాకా చూశాడు. “ఏం చదువుకున్నావమ్మా?”

“తొమ్మిది.”

“తొమ్మిది చదివి బ్రేకులు మార్చేస్తావా?” ఆయన ఆ మాట వెటకారంగా అనలేదు. నిజంగా జవాబు కోసమే అడిగినట్టు అడిగాడు. మంజు నేల చూసింది.

ఆయన వెళ్లి నల్లప్ప పక్క సీట్లో కూర్చున్నాడు. కారు మైదానంలోకి కదిలింది. మంజు, కుళ్లాయప్ప, యువరాజ్ అంచున నిలబడ్డారు. ఒక చుట్టు అయింది. రెండు అయ్యాయి. కిటికీలోంచి ఇన్‌స్పెక్టర్ ఏదో మాట్లాడుతూ కనిపించాడు. వానల గురించో, గొర్రెల ధరల గురించో. నల్లప్ప కూడా ఏదో చెబుతున్నాడు. ఆయన్ను మాటల్లో పెడుతున్నాడని మంజుకు అర్థమైంది. చూపు కారు వెనక లైట్ల మీదే ఉంచింది. స్ప్రింగ్ పట్టేసిందేమో, బోల్టు ఇంకో చుట్టు బిగించి ఉండాల్సిందేమో, ఆయన చెయ్యి ఈ వారంలో కొత్తగా ఇంకేదైనా నేర్చుకుందేమో అని అనుమానించింది.

మూడో చుట్టులో, కారు వేగంగా ఉన్నప్పుడు, ఇన్‌స్పెక్టర్ కాగితాలు పెట్టుకున్న అట్టను ముందు అద్దానికి అడ్డంగా విసిరికొట్టి ఏదో అరిచాడు.

ఎర్ర లైట్లు రెండూ వెలిగాయి. కారు ముక్కు కిందికి వంగి, నాలుగు చక్రాల దుమ్ములో ఆగిపోయింది. ఇంజన్ కూడా ఆగిపోయింది. మీట వదిలేశాడు కానీ క్లచ్ తొక్కడం మరిచిపోయాడు. ఆ నిశ్శబ్దంలో యువరాజ్ వదిలిన ఊపిరి మంజుకు వినిపించింది.

ఇన్‌స్పెక్టర్ దిగి అట్ట దులుపుకున్నాడు. లివర్ ఇట్లా ఉండటానికి కారణం కుళ్లాయప్పను అడిగి చెప్పించుకుని, అంతా రాసుకున్నాడు. “ఈ కారును ఈ లివర్‌తో ఈయన తప్ప ఇంకొకరు నడపకూడదు” అన్నాడు సంతకం పెడుతూ. “తెలియనివాడు కూర్చుంటే కొంప మునుగుతుంది.”

“ఇంకొకరు కూచోనీకుండా నేను చూసుకుంటా సామీ” అన్నాడు నల్లప్ప, యువరాజ్ వైపు చూస్తూ. యువరాజ్ తల వంచుకుని ఫోన్ తీశాడు. కారు ఫోటోలు ఒక్కొక్కటిగా చెరిపేసి, ఖాళీ అయిన చోటును ఆయన ముందు పెట్టాడు. నల్లప్ప కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాడు.

పది రోజులకు నల్లప్ప ఊరి అమ్మాయి అరుణ పెళ్లి చీరలకు ధర్మవరం పయనం. బయలుదేరే ముందు కారు పెనుకొండ షెడ్డు ముందు ఆగింది. వెనక సీట్లో వెంకటక్క, పెళ్లికూతురు, ఆమె తల్లి ఉన్నారు. మంజును పిలిచి ముందు సీటు చూపించాడు నల్లప్ప.

“నేనెందుకు పెద్దనాయనా?”

“నువ్వు చేసిన పని. నువ్వే కూచో. ఏమన్నా అయితే ముందర నీకే కావాల.”

ఆమె చేతులు కడుక్కుని ఎక్కింది. ధర్మవరం ఇంకా కొంత దూరం ఉందనగా, మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా గొర్రెలు. మంజు డాష్‌బోర్డు పట్టుకుంది. లివర్ వెనక్కి వచ్చింది. కారు ఆగింది. ఈసారి క్లచ్ కూడా తొక్కాడు. ఇంజన్ ఆడుతూనే ఉంది. మంద మొత్తం పోయేదాకా నల్లప్ప వాటి వీపుల మీది ఎర్ర రంగు చూస్తూ కూర్చున్నాడు. “నా నీలం ఒకటీ లేదు” అన్నాడు, తనలో తాను.

ధర్మవరంలో ఆడవాళ్లు అంగట్లోకి పోయారు. మంజు బయటే ఉండిపోయింది. నల్లప్ప ఎడమ కాలు నేల మీద ఆనించి, తలుపు తెరుచుకుని సీట్లోనే పక్కకు తిరిగి కూర్చున్నాడు. డాష్‌బోర్డు అరలోంచి నీలం రంగు డబ్బా, పుల్ల తీశాడు.

“నలభై ఏడు ఉండాయి. పొద్దున లెక్కపెట్టినా” అన్నాడు. “నీ బోల్టు ఒకటి ఊరికే ఉండాది.”

పుల్ల ఆమె చేతికి ఇచ్చాడు. మంజు స్టీరింగ్ కిందికి వంగి, మెరుస్తున్న బోల్టు తల మీద ఒక చుక్క పెట్టింది. రంగు కొంచెం ఎక్కువై అంచు మీదికి కారింది. తుడవబోయింది.

“ఉండనీ” అన్నాడు నల్లప్ప. “ఆరేదాకా ముట్టద్దు. మీ నాయన్ను గూడా ముట్టనీయద్దు.”